పిల్లవాడి కడుపులో పురుగు, దూడ పేడలో పురుగు: ఏది ఎక్కడి నుంచి వస్తుంది?

అమ్మా, పోలాకి మండలం నుంచి మీరు రాసినది నిదానంగా చదివాను. ఆరేళ్ల బాబుకు విరేచనంలో జానెడు పొడవు పురుగు పడింది. పోయిన ఏడాది గేదె దూడ నెల తిరిగేలోపే పారుకుని చనిపోయింది, దాని పేడలోనూ అచ్చం అలాంటి పురుగులే కనిపించాయి. ఆ గేదె ఇప్పుడు మళ్లీ ఈనింది, దూడకు తొమ్మిది రోజులు. రెండో గేదెకు దవడ కింద నీరు దిగింది, రెండుసార్లు పురుగుల మందు తాగించినా తగ్గలేదు. దీనికంతటికీ కుక్కే కారణమని మీ అత్తగారు అంటున్నారు. దూడకు తెచ్చిన మందే కొలత తగ్గించి ఇంటిల్లిపాదీ తాగితే సరిపోదా అని మీ ఆయన అడుగుతున్నారు.

ముందు ఆ చివరి మాటకు జవాబు. పశువుల మందు మనిషి తాగకూడదు, కొలత తగ్గించినా సరే. పశువులకు, గొర్రెలకు వాడే పురుగుల మందుల్లో క్లోసాంటెల్ అని ఒకటుంది. పొరపాటున దాన్ని మింగిన మనుషులకు చూపు పోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. సీసా మీద పేరు చదివి, ఇది అది కాదు కదా అని కూడా తాగవద్దు. నేను పశువైద్యుణ్ణి, ఉద్యోగమంతా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పశువుల ఆసుపత్రుల్లోనే గడిచింది. బాబు కడుపులోని పురుగు ఎక్కడిదో నేను చెప్పగలను. మందు మాత్రం మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు రాయాలి.

మిగతావాటికి కాస్త వ్యవధి ఉంది, దూడకు లేదు. అందుకని దానితోనే మొదలుపెడతాను.

గేదె దూడల్లో కనిపించే ఏలికపామును టాక్సోకారా విటులోరమ్ అంటారు. ఇది దూడలోకి చేరే దారి చాలామంది రైతులకు తెలియదు. తల్లి గేదె ఎప్పుడో మేతతో పాటు ఈ పురుగు గుడ్లను మింగి ఉంటుంది. వాటి నుంచి వచ్చిన పిల్ల పురుగులు తల్లి కడుపులో పెద్దవి కావు. కండల్లో, కాలేయంలో కదలకుండా పడి ఉంటాయి. గేదె ఈనే సమయానికి అవి లేచి పొదుగులోకి చేరతాయి. అక్కడి నుంచి పాలతో పాటు దూడ పొట్టలోకి దిగుతాయి. పాక ఎంత శుభ్రంగా ఉంచినా, దూడ నేల నాకకుండా ఎంత కాపలా కాసినా ఈ దారి మూసుకోదు. తల్లికి ముందుగా పురుగుల మందు తాగించినా, కండల్లో నిద్రపోతున్న ఆ పిల్ల పురుగులను అది అందుకోలేదు.

ఇలా దిగిన పురుగులు మూడు వారాలకల్లా ఎదిగి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అప్పటికే దూడ పేడ బంకమన్ను రంగుకు తిరిగి భరించలేని కంపు కొడుతుంది. పొట్ట ముందుకు వస్తుంది, వెంట్రుక గరుకుగా లేచి నిలబడుతుంది. దూడ నోటి దగ్గర ముక్కు పెడితే ముక్కిపోయిన వెన్న వాసన వస్తుంది. ఒకసారి ఆ వాసన చూసినవారు మళ్లీ దాన్ని మరిచిపోరు. పురుగులు మరీ ఎక్కువైతే పేగు అడ్డుపడి చనిపోతుంది. మీ పోయినేటి దూడకు జరిగింది బహుశా ఇదే. చనిపోకుండా బయటపడిన దూడలు నాలుగైదు నెలల వయసుకు ఈ పురుగులను వాటంతట అవే విసర్జిస్తాయి. కానీ ఆ లోపు పోవాల్సిన ఎదుగుదల పోతుంది, లక్షల గుడ్లు మీ పెరట్లో పడతాయి.

కాబట్టి మందు వేయాల్సిన సమయం దూడకు పదో రోజు నుంచి పదహారో రోజు లోపల. పాలతో దిగాల్సిన పురుగుల్లో చాలా భాగం అప్పటికి దిగిపోయి ఉంటాయి, గుడ్లు పెట్టే వయసు ఇంకా రాదు. ఈ వయసులో పైరాంటెల్ బాగా పనిచేస్తుంది. మన దగ్గర ఎక్కువగా వాడే పైపెరజిన్ ఎదిగిన పురుగులను బాగా పడగొడుతుంది కానీ లేత పురుగుల మీద దానికి అంత పట్టు లేదు. అందుకే పైపెరజిన్ వేస్తే మరికొన్ని రోజుల తర్వాత మళ్లీ వేయాల్సి వస్తుంది. మీ దూడకు రేపటితో పది రోజులు నిండుతాయి. దాని బరువు అంచనా వేసి మోతాదు చెప్పడానికి పశువైద్యుణ్ణి పిలవండి. ఆసుపత్రి దూరమైతే 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఇది చదివి పాలు మాన్పించాలనే ఆలోచన మాత్రం రానివ్వకండి. పురుగులు పాలతో వస్తాయని చెప్పగానే జున్నుపాలు పిండి పారబోసినవారిని చూశాను. జున్నుపాలు తాగని దూడ పురుగుల దాకా ఎందుకు, మొదటి వారంలోనే ఏదో ఒక జబ్బుకు పోతుంది. పుట్టిన గంటా రెండు గంటల్లోపే జున్నుపాలు పట్టాలి. పురుగు సంగతి మందు చూసుకుంటుంది. మరొక్క మాట: పేడలో నెత్తురు, జిగురు కనిపిస్తే అది ఏలికపాము పని కాకపోవచ్చు. కాక్సీడియా అనే కంటికి కనిపించని జీవి దూడల్లో నెత్తురు విరేచనాలు తెస్తుంది. పురుగుల మందులు దాన్ని తాకవు, దాని మందులు వేరు.

ఇక బాబు. వాడి కడుపులో పడింది మనిషి ఏలికపాము, ఆస్కారిస్ లుంబ్రికాయిడిస్. దూడ పురుగూ అదే పొడవు, అదే లేత గులాబీ తెలుపు, అదే గుండ్రని ఒళ్లు. పక్కపక్కన పెడితే మీరే కాదు, చదువుకున్నవారు కూడా తడబడతారు. మీ ఇంట్లో అనుమానం దూడ మీదకు పోవడంలో వింతేమీ లేదు. అయినా ఇవి రెండు వేర్వేరు జాతులు. బాబు పురుగు మరో మనిషి మలం నుంచి వచ్చింది. ఒక్కొక్క ఆడ పురుగు రోజుకు దాదాపు 2,00,000 గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పడిన వెంటనే అంటుకోవు, తేమగల మట్టిలో రెండు మూడు వారాలు మాగాలి. ఆ తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. చెరువు గట్టున, గెడ్డ ఒడ్డున ఆరుబయటకు వెళ్లే అలవాటు ఊళ్లో కొంతమందికైనా మిగిలి ఉన్నంతకాలం ఆ మట్టి పిల్లల గోళ్లలోకి, అక్కడి నీటితో తడిపిన ఆకుకూరల మీదకు వస్తూనే ఉంటుంది.

బడిలో, అంగన్‌వాడీలో ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినమని ఆల్బెండజోల్ బిళ్ల ఇస్తారు. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై ఇప్పుడు దేశమంతటా జరుగుతున్న కార్యక్రమం ఇది. రెండేళ్లు దాటిన పిల్లలకు 400 మిల్లీగ్రాముల బిళ్ల పూర్తిగా, ఏడాది నుంచి రెండేళ్ల లోపు వారికి సగం పొడి చేసి ఇస్తారు. ఆ రోజు పిల్లవాడికి కడుపు నొప్పి వస్తుందేమోనని బడి మాన్పించే తల్లులున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఇప్పుడు పురుగు పడింది కాబట్టి ఆ తేదీ దాకా ఆగకుండా డాక్టరు గారికి చూపించండి. తోటి పిల్లలకు, పెద్దలకు కూడా వేయమంటే అందరూ ఒకే రోజు వేసుకోండి. ఒకరు ఈ నెల, ఒకరు వచ్చే నెల అయితే ఒకరి నుంచి ఒకరికి మళ్లీ చేరుతుంది. గర్భిణులు ఎవరైనా ఉంటే మొదటి మూడు నెలల్లో డాక్టరు చెప్పకుండా ఈ మందు వద్దు. రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే చిన్న దారపు పురుగు మరొకటి. అదీ మనిషి నుంచి మనిషికే వస్తుంది, దానికి పశువులతో సంబంధం లేదు.

రెండో గేదె సంగతి చూద్దాం. దవడ కింద నీరు, పలచటి పారుడు, పాలు తగ్గడం, కనురెప్ప లోపలి భాగం పాలిపోవడం, ఇవన్నీ కలిస్తే వంశధార కాలువల కింద పల్లపు పొలాల్లో మేసే పశువులో నాకు మొదట అనుమానం వచ్చేది కార్జపు జలగ మీద. ఫాసియోలా జైగాంటికా దాని పేరు. ఆకు ఆకారంలో చదునుగా ఉండి కాలేయంలోని పైత్యనాళాల్లో కాపురం చేస్తుంది. దాని గుడ్లు పేడతో నీటిలో పడతాయి. అందులోంచి వచ్చిన పిల్ల నత్తలోకి దూరి అక్కడ వందల సంఖ్యలో పెరిగి బయటకు వస్తుంది. అవి గడ్డి మొదళ్లకు, నీట మునిగిన వరి దుబ్బులకు అంటుకుని చిన్న గూళ్లు కట్టుకుని కూర్చుంటాయి. చెరువులో నీళ్లు తగ్గి, ఒడ్డున పచ్చగా లేత గడ్డి లేచే చలికాలపు రోజుల్లో పశువులన్నీ అక్కడికే పరుగెడతాయి. ఆ పచ్చగడ్డి మీదే ఇవి ఎక్కువగా ఉంటాయి.

రెండుసార్లు మందు తాగించినా ఎందుకు తగ్గలేదని అడిగారు. ఏ మందు తాగించారో మీరు రాయలేదు. ఫెన్‌బెండజోల్‌గానీ ఐవర్‌మెక్టిన్‌గానీ అయితే అవి గుండ్రటి పురుగులకు పనిచేస్తాయి, కార్జపు జలగను ఏమీ చేయవు. ఆల్బెండజోల్ మామూలు మోతాదులో చాలదు. పెద్ద మోతాదులో కూడా ఎదిగిన జలగలనే చంపుతుంది, పైగా చూడి మొదటి నెలన్నరలో దాన్ని వాడకూడదు. పురుగుల మందు అనే పేరుతో దుకాణంలో అడిగితే ఇచ్చే సీసా అన్ని పురుగులకూ మందు కాదని రైతులందరికీ చెప్పాలనిపిస్తుంది. మన పల్లెల్లో పశువుల మందుల మీద పోయే డబ్బులో పెద్ద భాగం ఇక్కడే వృథా అవుతోంది. జలగలకు ఆక్సీక్లోజనైడ్ ఉంది, ట్రైక్లాబెండజోల్ ఉంది. ట్రైక్లాబెండజోల్ లేత జలగలను కూడా చంపుతుంది. కానీ దాని అవశేషాలు పాలలో చాలా రోజులు ఉంటాయి కాబట్టి పాలు తీస్తున్న గేదెకు వాడరు. పాడి గేదెకు సాధారణంగా ఆక్సీక్లోజనైడ్ ఇస్తారు. అది ఎదిగిన వాటినే చంపుతుంది కనుక కొన్ని వారాల తర్వాత మళ్లీ అవసరం పడవచ్చు. ఎన్ని రోజులు పాలు వాడకూడదో మందు రాసిన డాక్టరును తప్పకుండా అడగండి.

అయితే ఆ నీరు జలగ వల్లేనని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. పొట్టలో ఉండే మరో రకం జలగలు, నెత్తురు పీల్చే పురుగులు కూడా ఇలాగే చేస్తాయి. గేదె మేకో తీగ ముక్కో మింగితే అది గుండె దాకా గుచ్చుకుని మెడ కింద, గంగడోలు దగ్గర వాపు వస్తుంది. అందుకే పేడ పరీక్ష చేయించండి. నేల మీద పడిన పేడ వద్దు, దానిలో మట్టిలోని పురుగులు కలుస్తాయి. తెల్లవారి పశువు పేడ వేస్తున్నప్పుడే గుప్పెడు శుభ్రమైన కవరులో పట్టి, కవరు మీద ఏ పశువుదో రాసి, ఎండలో ఉంచకుండా ఆ పూటే పశువుల ఆసుపత్రికి చేర్చండి. జలగ లోపలికి వెళ్లిన మూడు నెలలకు గానీ గుడ్లు పెట్టదు కాబట్టి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా వాపు తగ్గకపోతే మళ్లీ చేయించాలి. చీపురుపల్లి, గరివిడి వైపు మీ బంధువులెవరైనా ఉంటే గరివిడిలో పశువైద్య కళాశాల ఉందని వాళ్లకు చెప్పండి.

మేత విషయంలో మీరు చేయగలిగింది ఉంది. వరి కోసేటప్పుడు నీటిలో మునిగిన మొదలు భాగాన్ని పచ్చిగా వేయకండి. గడ్డి బాగా ఎండి, వామిలో కొన్నాళ్లు నిలవ ఉన్న తర్వాత వేస్తే దాని మీది గూళ్లు చాలావరకు చస్తాయి. చెరువు లోపలికి తోలకుండా తొట్టిలో నీళ్లు పెట్టండి. బాతులు మేపేవాళ్లు కోసిన పొలాల్లోకి వస్తే రానివ్వండి, అవి నత్తలను తింటాయి.

కుక్కను వదిలేయాలా? వద్దు. కానీ మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారేయను, ఆవిడ వేలు చూపిన చోట నిజం ఉంది. బాబుకు పడిన పురుగు కుక్కది కాదు. అయినా మీ ఇంట్లో పశువుకూ మనిషికీ మధ్య నిజంగా అటూ ఇటూ పురుగులు మోయగలిగేది ఆ కుక్కే. దానికి పుట్టినప్పటి నుంచి ఒక్కసారైనా పురుగుల మందు వేయలేదని మీరే రాశారు. గేదెకు రెండుసార్లు, మేకలకు ఏడాదికోసారి, కుక్కకు సున్నా. మన ఊళ్లలో ప్రతి ఇంటి లెక్కా ఇదే.

పండగ రోజు ఊళ్లో పొట్టేలును కోసే చోట ఒకసారి నిలబడి చూడండి. కార్జం మీద, ఊపిరితిత్తుల మీద తెల్లటి నీటి బుడ్డ కనిపిస్తుంది, ఒక్కోసారి నిమ్మకాయంత, ఒక్కోసారి ఇంకా పెద్దది. కత్తి మొన తగిలితే తేటనీరు చిమ్ముతుంది. కోసేవాడు ఆ ముక్కను పనికిరాదని కోసి పక్కకు విసురుతాడు. అక్కడే చుట్టూ కాచుకుని కూర్చున్న కుక్కల్లో ఒకటి దాన్ని గాలిలోనే అందుకుంటుంది. ఆ నీటిలో వేల కొద్దీ బద్దెపురుగు తలలు ఉంటాయి. ఎకైనోకాకస్ అంటారు. కుక్క పేగులో అవి బియ్యపు గింజ అంత కూడా పెరగవు, కుక్కకు జబ్బు లక్షణమేదీ కనిపించదు. ఆరేడు వారాలకు దాని మలంలో గుడ్లు మొదలవుతాయి, ఆ గుడ్లు దాని బొచ్చుకూ అంటుకుంటాయి. దాన్ని నిమిరిన చేత్తోనే అన్నం తింటే మనిషి కార్జంలో, ఊపిరితిత్తుల్లో అదే నీటి బుడ్డ ఏళ్ల తరబడి నిదానంగా పెరుగుతుంది. చివరికి ఆపరేషన్ దాకా పోతుంది. బుడ్డ ఉన్న కార్జం వండుకుని తింటే మనిషికి ఈ జబ్బు రాదు, కుక్కకు వేస్తేనే వస్తుంది. కాబట్టి అలాంటి ముక్కలను కాల్చాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చాలి. గొర్రె తలకాయను కుక్కకు పచ్చిగా వేయడం కూడా ఇలాంటిదే. తల పక్కకు వంచి ఒకే వైపు గిరగిరా తిరిగే గొర్రె మెదడులో ఉండేది కుక్క నుంచి వచ్చిన మరో బద్దెపురుగు తిత్తి.

కుక్కకు ప్రాజిక్వాంటెల్ కలిసిన బిళ్ల బరువును బట్టి మూడు నెలలకోసారి వేయాలి. పచ్చి మాంసం దొరికే కుక్కకైతే నెలన్నరకోసారి. ఫెన్‌బెండజోల్ ఒక్కటే వేస్తే ఎకైనోకాకస్ పోదు. కుక్కపిల్లలు తల్లి కడుపులో ఉండగానే ఏలికపాము పిల్లలను తెచ్చుకుంటాయి కాబట్టి వాటికి రెండు వారాల వయసు నుంచే మందు మొదలుపెట్టాలి. ఈ కుక్క ఏలికపాము గుడ్లు పిల్లల నోట్లోకి పోతే కడుపులో పెద్దవి కావు గానీ పిల్ల పురుగులు కార్జంలో, అరుదుగా కంటిలో తిరుగుతాయి. కళింగపట్నం, భావనపాడు తీరంలో చెప్పులు లేకుండా ఇసుకలో తిరిగేవాళ్ల పాదాల మీద వంకరగా, ఎర్రగా రోజురోజుకూ సాగే దురద గీత కనిపిస్తుంది. కుక్క మలం నుంచి ఇసుకలోకి చేరిన కొంకిపురుగు పిల్ల చర్మం కింద దారి తప్పి తిరిగే గుర్తు అది.

పందులు తిరిగే ఊరైతే ఇంకొకటి తెలుసుకోవాలి. సరిగా ఉడకని పంది మాంసం తింటే కడుపులో బద్దెపురుగు పడుతుంది. ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్లు నీళ్లతో, పచ్చి కూరలతో మరొకరి నోట్లోకి పోతే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు వస్తాయి. మాంసం ముట్టనివారికి కూడా వస్తాయి. పెద్ద వయసులో కొత్తగా మూర్ఛ వచ్చినవారిని భూతవైద్యుడి దగ్గరకు కాకుండా నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

మేకలకు ఏడాదికోసారి అందరూ వేస్తున్నారు కదా అని మందు వేయడం కంటే, వారం వారం వాటి కింది కనురెప్ప లాగి చూడండి. లోపల ఎర్రగా ఉన్నవాటిని వదిలేసి, తెల్లబడినవాటికి వేయండి. హీమాంకస్ అనే పురుగు ఒక్కొక్కటి రోజుకు 0.05 మిల్లీలీటరు నెత్తురు తాగుతుంది, వెయ్యి ఉంటే 50 మిల్లీలీటర్లు. అన్నిటికీ అదే పనిగా ఒకే మందు వేస్తూ పోతే ఆ మందుకు లొంగని పురుగులే మిగులుతాయి.

పిడుదులు కూడా ఉన్నాయని చివర్లో రాశారు. నెత్తురు తాగి ఉబ్బిన ఆడ పిడుదు పశువు మీద గుడ్లు పెట్టదు, రాలిపోయి పాక గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. పశువుకు మందు రాసి గోడను వదిలేస్తే రెండు మూడు వారాల్లో మళ్లీ మొదటికే వస్తుంది. పగుళ్లు పూడ్చి సున్నం వేయండి. పొలానికి కొట్టే పురుగుమందు పశువు ఒంటికి రాయవద్దు. పిడుదులు జబ్బులను కూడా మోసుకొస్తాయి కాబట్టి మీ సంకర ఆవుకు తీవ్ర జ్వరం వచ్చి భుజం ముందు గడ్డ లేచినా, మూత్రం ఎర్రగా పోసినా తెల్లారేదాకా ఆగకండి.

పాక దగ్గర దోమల వల్ల బోదకాలు వస్తుందేమోనని మీ మామగారు అడిగినట్టు రాశారు. బోదకాలు పురుగు పశువుల్లో ఉండదు, ఆ పురుగున్న మనిషి నుంచి మరో మనిషికి దోమ చేరవేస్తుంది. ఆ దోమ మురుగునీటిలో పెరుగుతుంది కాబట్టి పాక నుంచి పారే నీరు నిలవకుండా చూడండి. మన జిల్లాల్లో బోదకాలు ఎప్పటి నుంచో ఉంది. ఆరోగ్య సిబ్బంది ఇంటికి వచ్చి బిళ్లలు ఇచ్చినప్పుడు జేబులో వేసుకోకుండా వాళ్ల ముందే మింగమని ఆయనకు చెప్పండి.

దూడకు మందు వేసిన తర్వాత, రెండో గేదె పేడ పరీక్షలో ఏమి వచ్చిందో రాయండి. రెండుసార్లు తాగించిన సీసాల మీద ఏ పేరు ఉందో, గేదె చూడిదో కాదో, రోజుకు ఎన్ని పాలు ఇస్తుందో కూడా రాస్తే తర్వాత ఏమి చేయాలో చెప్పగలను. వాపు మెడ దాటి గంగడోలులోకి దిగినా, గేదె మేత మానేసినా నా జవాబు కోసం ఎదురు చూడవద్దు, వెంటనే డాక్టరును పిలవండి.